పద్నాలుగు పూతలు

తనను కాపాడగల సాక్ష్యాన్ని అనంతపద్మనాభం తన చేతులతోనే సుత్తి పెట్టి పగలగొట్టాడు. ఒక్కటి కాదు, నూట పద్దెనిమిది. పైగా ఫొటోగ్రాఫర్‌ని పిలిపించి మరీ పగలగొట్టాడు.

ఆ ఫొటోలు ఇప్పుడు సంహిత ఒళ్లో ఉన్నాయి. మెడలో బంతిపూల దండ, చేతిలో సుత్తి, ఎదురుగా పాత ఇనప పెట్టెల గుట్ట. వెనక బ్యానరు మీద పెద్ద అక్షరాలు: "పాతది తెండి, కొత్తది పట్టుకెళ్లండి. జంటదారి నెట్‌వర్క్స్, నందిగామ."

"ఒక్కటి కూడా మిగల్చలేదా మావయ్యా?" అంది సంహిత. అనంతపద్మనాభం అక్క కూతురామె. విజయవాడలో లాయరు.

"బాగా నవ్వుతున్నా కదూ అందులో," అన్నాడు ఆయన, ఫొటో వంక చూడకుండా.

శుక్రవారం ఉదయం పదిన్నర. నందిగామలో ఆయన ఫ్యాక్టరీ ఆఫీసు గది. అద్దానికి అవతల అరవై నాలుగు మంది తలలు వంచుకుని పెట్టెలకు తీగలు అతుకుతున్నారు. నెల తిరిగేసరికి ఆ బల్లలన్నీ ఖాళీ కావచ్చు. ఆ సంగతి గదిలో ఉన్న ఇద్దరికే తెలుసు.

కేసు చిన్నదే. ఆ బల్లల దగ్గరే మూడేళ్లు పని నేర్చుకున్న నవనీత్ హైదరాబాదు వెళ్లి సొంత కంపెనీ పెట్టుకున్నాడు. పన్నెండేళ్ల కిందట, జంటదారి పెట్టె పనిచేసే పద్ధతి తాను కనిపెట్టిందేనని పేటెంటు రాయించుకున్నాడు. ఇప్పుడు కోర్టుకెక్కాడు. నందిగామలో అనంతపద్మనాభం ఇక ఆ పెట్టెలు తయారు చేయకూడదట. గురువు తన శిష్యుణ్ణి కాపీ కొడుతున్నాడట.

"నువ్వు దాన్ని ఎప్పుడో కనిపెట్టావని నాకు తెలుసు, జిల్లా అంతా తెలుసు," అంది సంహిత. "కోర్టుకి తెలియాలి. పెట్టె ఎలా పనిచేసేదో ఫొటోలూ బిల్లులూ చెప్పవు. పేటెంటుకి ముందు అలాంటి పెట్టె ఒక్కటి, ఎక్కడైనా నలుగురి కళ్ల ముందు పనిచేసిందని చూపిస్తే చాలు. వాడి పేటెంటు కొట్టేస్తారు. సోమవారం కోర్టు కమిషనర్ వస్తారు. ఏం చూపిద్దాం?"

అనంతపద్మనాభం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"ఒకటుంది," అన్నాడు చివరికి. "జగ్గయ్యపేటలో. రామకోటేశ్వరరావు మిర్చి కొట్లో."

"ఆ మాట ఇందాకే చెప్పొచ్చుగా. పద వెళదాం."

"వాడికీ నాకూ మాటల్లేవు. పదిహేనేళ్లయింది."

*

ఇరవై ఆరేళ్ల కిందట అనంతపద్మనాభం జగ్గయ్యపేట టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో జూనియర్ ఇంజినీరు. పగలు ఉద్యోగం, సాయంత్రం బజారు. పదకొండు కొట్లలో కంప్యూటర్లు కొనిపించి, కేబుల్ టీవీ స్తంభాల మీదుగా తీగ లాగి, అన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపాడు. ఏ కొట్లో ఏ సరుకు ఉందో మిగతా పది కొట్లకీ కూర్చున్న చోటే కనిపించేది. అప్పటికి జిల్లాలో అదొక వింత.

వింత మూడు రోజులు కూడా నిలిచేది కాదు. పత్తి లారీ వచ్చేది. లారీ మీద లారీ అంత ఎత్తు బోరాలు. అది బజారు దాటేసరికి తీగ తెగేది, పదకొండు కంప్యూటర్లూ మూగపోయేవి.

అప్పుడు ఆయన తయారు చేసిందే జంటదారి పెట్టె. ప్రతి కొట్టునీ కుడి పక్క కొట్టుతోనూ, ఎడమ పక్క కొట్టుతోనూ కలుపుతూ తీగని బజారంతా గుండ్రంగా తిప్పాడు. ఒక పక్క తెగితే పెట్టె ఆ సంగతి తానే పసిగట్టి, కబురుని రెండో పక్క నుంచి చుట్టూ తిప్పి పంపేస్తుంది. వాడేవాడికి తీగ తెగిందని కూడా తెలియదు. ఆ ఆలోచన ఎలా వచ్చిందో ఆయన ఆ తరవాత రెండు వందల కాలేజీల్లో చెప్పాడు. "వాగు పొంగి రోడ్డు మునిగితే పెనుగంచిప్రోలు ఆటో ఆగిపోతుందా? నందిగామ మీదుగా తిరిగి వెళుతుంది. ఆ ఆటోని చూశాను, మెరుపు మెరిసింది." ఆ మాట దగ్గర చప్పట్లు ఎప్పుడూ తప్పలేదు.

ఉద్యోగం మానేసి నందిగామలో షెడ్డు వేశాడు. షెడ్డు ఫ్యాక్టరీ అయింది. పెట్టెలు ఆసుపత్రులకీ, బ్యాంకులకీ, పక్క రాష్ట్రాలకీ వెళ్లాయి. పదిహేనేళ్ల కిందట కొత్త రకం తెచ్చి, పాతవన్నీ వెనక్కి తీసుకుని, ఊరేగింపుగా పగలగొట్టాడు. తరవాతి రకాల్నీ అంతే, ఇంకో కొత్తది రాగానే వెనక్కి తెప్పించాడు. పాతది ఎక్కడా కనిపించకూడదన్నది అప్పటి ఆయన వ్యాపార సూత్రం.

ఆ మొదటిసారి రామకోటేశ్వరరావు ఒక్కడే ఇవ్వనన్నాడు. "పని చేస్తన్నదాన్ని ఎందుకు మార్చాలయ్యా?" అన్నాడు. అతన్ని చూసి మిగతా వ్యాపారులు కూడా వెనక్కి తగ్గబోయారు. అనంతపద్మనాభానికి తిక్కరేగింది. నడిబజార్లో నిలబడి, "మిర్చి బస్తాలు లెక్కబెట్టే బుర్రకి నెట్‌వర్క్ ఏం ఎక్కుద్దిలే," అన్నాడు. అదే ఆఖరి మాట.

*

శనివారం ఉదయం బయల్దేరుతుంటే సంహిత ఫోను చేసింది.

"నాకు పన్నెండు దాకా కోర్టు పని ఉంది. నువ్వెళ్లి ఆయన్ని ఒప్పించు, అంతే. పెట్టె మీద చెయ్యి వెయ్యకు. అది ఎప్పటిదో తేల్చే గుర్తు ఏదన్నా ఉండాలి, అది నేనొచ్చి చూస్తా."

"గుర్తుంది. బిగించిన రోజే పెట్టె రేకు మీద ఓ పక్కన మేకుతో గీశా. నా పేరు, తేదీ."

"తేదీ చాలు మావయ్యా. పేరు అక్కర్లేదు."

"పేరు లేని తేదీ ఎందుకే?" అన్నాడు అనంతపద్మనాభం, నిజంగానే అర్థం కాక.

మిర్చి కొట్టు ఉన్నచోటే ఉంది. గుమ్మం దాటగానే ఆయనకి రెండు తుమ్ములొచ్చాయి. గల్లాపెట్టె వెనక రామకోటేశ్వరరావు తల ఎత్తకుండానే అన్నాడు:

"రండి ఇంజినీరు గారూ. బుర్ర లేని కొట్టు, జాగ్రత్తగా అడుగెయ్యండి."

"కోటేశ్వరరావ్, ఒక పనుండి వచ్చా."

"పని లేకపోతే మా గుమ్మం ఎందుకు తొక్కుతారులెండి. కూర్చోండి. ఏమేవ్, ఇంజినీరు గారికి టీ."

లోపలి నుంచి ఆయన భార్య సత్యనారాయణమ్మ టీ తెచ్చింది. "బాగున్నారా అన్నయ్యగారూ?" అంది, నిన్ననే చూసినట్టు.

అనంతపద్మనాభం కళ్లు గోడ మీదే ఉన్నాయి. కాటా పక్కన, పటాల కింద, ఉంది. నీలం రంగు. రెండు వైపులా తీగలు, ముందు ఒక పచ్చ లైటు, టకటకా మిణుకుతోంది. ఇరవై ఆరేళ్లుగా ఆగకుండా.

"నిన్న ఒకాయన వచ్చాడు, భార్గవ అంట, హైదరాబాదు నుంచి," అన్నాడు రామకోటేశ్వరరావు. "పాతది ఇచ్చెయ్యి, కొత్తది ఫ్రీ అన్నాడు. మీరు ఆరోజు అన్నమాటే, అక్షరం పొల్లు పోకుండా."

అనంతపద్మనాభం టీ గ్లాసు కింద పెట్టేశాడు. నవనీత్ మనిషి. ఒక రోజు ముందే వచ్చాడు.

"ఇచ్చావా?"

"గోడ మీద కనపట్టంలా? పని చేస్తన్నదాన్ని ఎందుకు మార్చాలన్నా. మీకు చెప్పిందే ఆయనకీ చెప్పా. నాకు రెండు మాటలుండవు."

పదిహేనేళ్లు తిట్టుకున్న మొండితనం అనంతపద్మనాభానికి ఆ నిమిషంలో దేవుడి దయలా కనిపించింది. విషయమంతా చెప్పాడు. రామకోటేశ్వరరావు వేరే ఏమీ అడగలేదు. "ఆరోజు బజార్లో అన్నారు. వెనక్కి తీసుకోడం కూడా బజార్లోనే ఉండాల," అన్నాడు.

అనంతపద్మనాభం రోడ్డు మీదికి వెళ్లాడు. ఇద్దరు హమాలీలు, ఒక అరటిపళ్ల బండావిడ, ఒక ఆవు. "రామకోటేశ్వరరావుది మంచి బుర్ర. నేనే తప్పన్నా," అని నలుగురికీ వినపడేలా అన్నాడు.

"మనిషికేమన్నా అయిందా?" అని బండావిడ హమాలీని అడిగింది.

*

పన్నెండున్నరకి రామకోటేశ్వరరావు భోజనానికి లోపలికెళ్లాడు. "చూసుకోండి, ఇంకెంత చూసినా నాదేం పోదు," అన్నాడు.

సంహిత ఇంకా ఇబ్రహీంపట్నం దాటలేదు. పేరు ఆ నీలం రంగు కిందే ఎక్కడో ఉంది. ఎదురు కొట్లో రంగు వదిలించే మందు, ఉప్పు కాగితం, గీకడానికి ఒక రేకు దొరికాయి. చెయ్యి వెయ్యొద్దని చెప్పింది నిజమే. కానీ ఆమె వచ్చేసరికి పేరూ తేదీ బయటపెట్టి చూపిస్తే ఎంత బాగుంటుంది.

మందు పూశాడు, గీకాడు. నీలం కింద ఎరుపు. ఎరుపు కింద పసుపు. పసుపు కింద ఆకుపచ్చ. పెచ్చులు నేల మీద పరిచిన పేపరు మీద పడుతున్నాయి. రెండు పక్క రేకులూ అయ్యాయి, ఇనుము దాకా. పేరు లేదు. ముందు రేకు మిగిలింది. ఒకటిన్నర దాటాక బూడిద రంగు అడుగు పూత మీద తెల్లటి పెయింటు అక్షరాలు కనిపించాయి. "తయారీ" అని ఉంది. ఉప్పు కాగితం పారేసి వేలితో మెల్లిగా రుద్దాడు.

"తయారీ: కె. రామకోటేశ్వరరావు, జగ్గయ్యపేట."

తేదీ లేదు. చుట్టూ ఎంత వెతికినా మేకు గీతా లేదు.

"మావయ్యా," అంది సంహిత గుమ్మంలో. మిర్చి బస్తా మీద కూర్చుంది. వంగి, పేపరు మీది పెచ్చు ఒకటి తీసి వెలుగులో అడ్డంగా పట్టుకుంది. అంచు వెంట ఉల్లిపొరల్లా సన్నటి గీతలు, ఒక్కొక్కటి ఒక్కో రంగు.

"ఆంటీ, దీనికి ఎన్నిసార్లు రంగు వేయించారు?"

సత్యనారాయణమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గీకిన పెట్టెని చూసి మొహం చిన్నబుచ్చుకుంది. "అయ్యో, తోలు వలిచినట్టు వలిచారే. రెండేళ్లకోసారి తిరుపతమ్మ తల్లి పెనుగంచిప్రోలు నుంచి మన పేటకి రంగులేయించుకోడానికి వస్తదిగా అమ్మా. అమ్మవారికి రంగులేసిన ఏడే మా కాటాకి, ఈ పెట్టెకి కూడా వేయిస్తా. మా అత్తగారు కాటాకి వేయించేది, నేను దీన్ని కూడా కలిపా. మిర్చి ఘాటుకి ఇనుము తినేస్తది గదా."

"మొత్తం ఎన్ని?"

"కొత్తగా వచ్చినప్పుడు ఒకటి. అది కూడా అమ్మవారు వచ్చిన ఏడే. దాంతో కలిపి పద్నాలుగు."

సంహిత మావయ్య వైపు తిరిగింది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"పద్నాలుగు పూతలు. రెండేళ్లకొకటి. ఇరవై ఆరేళ్లు. ఇంతకన్నా మంచి తేదీ ఏ కోర్టుకీ దొరకదు మావయ్యా. దాన్ని నువ్వు ఉప్పు కాగితం పెట్టి తుడిచేశావు."

"పెచ్చులున్నాయిగా."

"కింద పడ్డ పెచ్చుల్ని ఎవరు నమ్ముతారు? రంగు పెట్టె మీద ఉండాలి. ముందూ పక్కలూ పోయాయి. వెనక రేకు గోడకుంది. గోడకున్న వైపు ఎవరు రంగు వేస్తారు?"

అందరూ సత్యనారాయణమ్మ వైపు చూశారు. ఆమె, "సాంబయ్యని పిలవండి," అంది.

సాంబయ్య బోర్డులు రాసే పెయింటరు. రెండు వీధుల అవతల ఉంటాడు. వచ్చి, సంగతి విని, నొచ్చుకున్నాడు.

"వెనక వెయ్యకపోటం ఏందండీ? అమ్మవారికి వెనక పక్క రంగు వెయ్యకుండా వదిలేస్తారా? పెట్టె దించి, నాలుగు పక్కలా వేసి, ఆరినాక మళ్లీ బిగిస్తా. ప్రతిసారీ."

రెండు మరలు తిప్పి దించాడు. కుడి తీగ ఊడింది. పచ్చ లైటు ఆరలేదు. బజారులో ఏ కొట్టు నుంచీ ఎవరూ ఫోను చేయలేదు, కబురు రెండో పక్క నుంచి తిరిగి వెళ్లిపోతోంది. ఆ సంగతి అనంతపద్మనాభం తప్ప ఎవరూ గమనించలేదు. ఆయన కూడా ఆ ఒక్కసారికి నోరు మెదపలేదు.

వెనక రేకు నున్నగా, నీలంగా, చెక్కు చెదరకుండా ఉంది.

"మరి నేను నా పేరు మేకుతో గీశా కదా సాంబయ్యా?" అన్నాడు అనంతపద్మనాభం.

"మేకెక్కడిదండీ? మీరే కదా నా భుజం పట్టుకుని, నా పేరు రాయబాక సాంబయ్యా, ఎక్స్‌ఛేంజిలో తెలిస్తే ఉద్యోగం పోద్ది, కోటేశ్వరరావుగారి పేరు రాసెయ్యి అన్నది. నేను అక్షరం తప్పు లేకుండా రాసా."

ఆ మేకు కథ ఆయన మూడు పత్రికలకి చెప్పాడు. చెప్పగా చెప్పగా, మేకు చేతికి గుచ్చుకున్నట్టు కూడా గుర్తుంది.

*

సోమవారం పదకొండింటికి కమిషనర్ చూడామణి వచ్చింది. ఆమె కూడా లాయరే, యాభై దాటిన మనిషి, భూతద్దం తెచ్చుకుంది. నవనీత్ ఇస్త్రీ చొక్కాలో గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అనంతపద్మనాభానికి వంగి నమస్కారం పెట్టాడు.

"ఆరోగ్యం ఎలా ఉంది సార్?"

"నీ దయ."

సంహిత పథకం తేలికైనది. సత్యనారాయణమ్మని పెట్టెకి వీపు తిప్పి కుర్చీలో కూర్చోబెట్టింది. "ఆంటీ, పై నుంచి కిందికి రంగులు చెప్పండి."

"పైన నీలం, మొన్నటిది. దాని కింద ఎరుపు, మా మనవరాలు పుట్టిన ఏడు. పసుపు, నాకు కంటి ఆపరేషన్ అయింది. ఆకుపచ్చ. మళ్లీ ఎరుపు, అప్పుడు సాంబయ్య మంచిది తేలేదు, వెలిసిపోయింది..."

చూడామణి బ్లేడుతో వెనక రేకు మీద ఏటవాలుగా చిన్న గాటు పెట్టి భూతద్దంలోంచి చూస్తోంది. నీలం. ఎరుపు. పసుపు. ఆకుపచ్చ. వెలిసిన ఎరుపు. ఒక్కొక్కటికి టిక్కు పెడుతూ పోయింది. పద్నాలుగో రంగు దగ్గర సత్యనారాయణమ్మ, "అన్నిటికన్నా అడుగున బూడిద రంగు, అది అన్నయ్యగారి ముచ్చట," అంది. బూడిద రంగే.

"నిన్న రాత్రి కూర్చుని పద్నాలుగు పూతలు వేయొచ్చు మేడమ్," అన్నాడు నవనీత్. "ఆవిడకి వరస బట్టీ పట్టించొచ్చు."

చూడామణి ఇంకో గాటు పెట్టి, ముక్కు దగ్గరగా తెచ్చుకుని చూసింది. గట్టిగా తుమ్మింది. మళ్లీ తుమ్మింది. పక్కనే వంగి చూస్తున్న నవనీత్ కూడా తుమ్మాడు.

"పూతకీ పూతకీ మధ్య ఇదేంటి, ఎర్రగా?" అంది కళ్లు తుడుచుకుంటూ.

"మిర్చి దుమ్మండి," అన్నాడు సాంబయ్య. "ఎంత తుడిచినా రెండేళ్లది ఒక్క పూటలో పోద్దా?"

"పొరల మధ్య పేరుకున్న ధూళి," అని రాసుకుంది చూడామణి. "నమూనా లేబొరేటరీకి." నవనీత్ జేబురుమాలు తీసుకుని బయటికెళ్లాడు. మళ్లీ లోపలికి రాలేదు.

ఆమె ముందు వైపుకి తిరిగింది. పైకి చదివింది. "తయారీ: కె. రామకోటేశ్వరరావు. ఈయన ఎవరు?"

"నేనేనండి," అన్నాడు రామకోటేశ్వరరావు గల్లాపెట్టె వెనక నుంచి.

అనంతపద్మనాభం ఒక అడుగు ముందుకు వేశాడు. "మేడమ్, ఆ పేరు నిజానికి..."

సంహిత ఆయన కాలు తొక్కింది. చెవి దగ్గరగా వచ్చి అంది: "పెట్టె మీద పేరు అబద్ధమని నువ్వే చెబితే, పెట్టె మీద ఉన్న రంగు మాత్రం నిజమని ఎవరు నమ్ముతారు? అరవై నాలుగు మంది మావయ్యా. చెబుతావా?"

చూడామణి పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. "నిజానికి?"

అనంతపద్మనాభం గోడ మీది పటాల వంక చూశాడు. కాటా వంక చూశాడు. అద్దం అవతల వంచిన తలలు గుర్తొచ్చాయి.

"నిజానికి ఆ పేరు ఇంకొంచెం పెద్దగా రాయాల్సింది," అన్నాడు.

*

నాలుగు నెలల్లో నవనీత్ పేటెంటు కొట్టేశారు. అతను అప్పీలుకి వెళ్లాడు గానీ, నందిగామలో బల్లల దగ్గర ఎవరూ పని ఆపలేదు. ఫ్యాక్టరీలో స్వీట్లు పంచారు. తీర్పు పత్రికల్లో వచ్చింది. "పాతికేళ్ల కిందటే జంటదారి పెట్టె తయారు చేసిన జగ్గయ్యపేట మిర్చి వ్యాపారి" అని ఫొటో వేశారు. ఫొటోలో రామకోటేశ్వరరావు కాటా పక్కన నిలబడి ఉన్నాడు.

నందిగామలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు ఆయనకి సన్మానం పెట్టారు. అనంతపద్మనాభానికి మూడో వరసలో కుర్చీ వేశారు. శాలువా కప్పించుకుని రామకోటేశ్వరరావు మైకు ముందుకొచ్చాడు.

"నాకు కంప్యూటరు రాదండి. ఇప్పటికీ మా కోడలే చూసుకుంటది. ఆ పెట్టె చేసింది నేను కాదు, పద్మనాభం గారు. ఆ మాట పేపరోళ్లకి కూడా చెప్పా, వినయం అని రాసుకున్నారు." హాలంతా నవ్వింది. చప్పట్లు కొట్టింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "నేను చేసిందల్లా ఒక్కటే. ఆరోజు పత్తి లారీ తీగ తెంపితే, ఈయన మా కొట్లో తల పట్టుకుని కూర్చున్నాడు. నేనన్నా, వాగు పొంగితే పెనుగంచిప్రోలు ఆటో ఆగుద్దా? నందిగామ మీద నుంచి తిరిగి పోద్ది గదా. నీ కబుర్లని కూడా అట్టా తిప్పవయ్యా అని. అంతే. మిగతాదంతా ఆయనే."

ఈసారి చప్పట్లు చాలాసేపు మోగాయి. పక్క కుర్చీలో ఉన్న విద్యార్థిని, పేరు సింధూర అని మెడలో కార్డు మీద ఉంది, అనంతపద్మనాభం వైపు వంగింది.

"సార్, పోయినేడు మీరు కూడా ఈ ఆటో కథే చెప్పారు కదా? ఆయన దగ్గర విన్నారా?"

మేకు కథలాగే ఈ ఆటో కూడా చెప్పగా చెప్పగా తనదైపోయిందని ఆయనకి అప్పుడు తెలిసింది. టీ గ్లాసు, తెగిన తీగ, గల్లాపెట్టె వెనక నుంచి వచ్చిన ఆ గొంతు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

"ఆయన దగ్గరే విన్నానమ్మా," అన్నాడు. చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్లు ఆపాక కూడా ఇంకో రెండు కొట్టాడు.

భోజనాల దగ్గర సత్యనారాయణమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"అన్నయ్యగారూ, ఈ పేరు సంగతి నాకేం బాగాలేదు. వచ్చే ఏడు అమ్మవారు మళ్లీ రంగులకొస్తది. ఈసారి పెట్టె మీద మీ పేరే రాయిస్తానని మావారికి చెప్పేసా."

"అప్పీలు ఉంది కదా చెల్లెమ్మా. అది తేలేదాకా దానికి కోర్టు సీలు. చుక్క రంగు పడకూడదు."

"ఎన్నాళ్లు పడుద్ది?"

"పదేళ్లు పట్టొచ్చంది సంహిత."

సత్యనారాయణమ్మ పెరుగన్నం కలుపుతూ ఆలోచించింది. "పోనీ, కాటా మీద రాయించనా?"

అనంతపద్మనాభం కూడా కొంచెంసేపు ఆలోచించాడు.

"ముందు వైపేనా?" అన్నాడు.